శ్రద్ధయు మోహమును

మానవుడు తాను వాడు పనిముట్టును ప్రేమించుట నిన్న మొన్న పుట్టిన గుణము కాదు. కర్రు కొట్టించుకొనిగాని రైతు దుక్కికి దిగడు. వడ్రంగి తన బాడిసను పరుల చేతికీయడు. మెట్లను నిలిపిన మైనము ఎండకు మెత్తబడునని వైణికుడు వీణను నీడ విడిచి కదలనీయడు. ఈ ప్రేమను లోకము తప్పుపట్టలేదు. పనివానికి అది అలంకారమని మెచ్చుకొన్నది. కాని పనిముట్టుపై ప్రేమ పెరిగి పనినే మరపించునప్పుడు దానికేమి పేరు పెట్టవలెను? శ్రద్ధ ఎచ్చట ముగిసి మోహము ఎచ్చట మొదలగును? రెంటియందును కనిపించునది ఒకే ఓర్పు, ఒకే ఏకాగ్రత, నిద్ర మానుకొనియైనను పని ముగింపవలెనను ఒకే పట్టుదల. బయటినుండి చూచువారికి భేదము తెలియదు. లోపల ఉన్నవానికి తెలియుట మరింత కష్టము.

ఈ ప్రశ్నను విచారించుటకు మహాపురుషుల చరిత్రలు అక్కరలేదు. చిన్న వస్తువును తీసికొన్నచో విషయము తేటగా కనిపించును. రికార్డులను త్రిప్పు యంత్రమును, అందులోను డైరెక్ట్ డ్రైవ్ అను జాతికి చెందిన టర్న్‌టేబులును తీసికొందము. దానిని కొని, విప్పి, ఒక్కొక్క భాగమును మార్చుచు, మెరుగుపరచుచు ఏండ్లు గడుపువారు జపానులో, ఐరోపాలో, అమెరికాలో కలరు. మన దేశపు నగరములలోను కలరు. వీరు ఆ పనితో పొట్టపోసికొనువారు కారు. పగలు తమ ఉద్యోగములు చేసికొని, రాత్రి భోజనమైన పిమ్మట స్క్రూడ్రైవరు చేతబట్టి కూర్చుండువారు. వినోదముగా మొదలైన ఈ వ్యాసంగము వారిలో కొందరికి జీవితములో పెద్ద భాగమైపోవును. కావున దానిని గూర్చి ఆలోచించుట వ్యర్థము కాదు.

ఈ యంత్రము చేయవలసిన పని చెప్పుటకు చాల స్వల్పము. 1948 లో అమెరికాలో కొలంబియా సంస్థ వెలువరించిన లాంగ్ ప్లే రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలెను; అనగా ఒక చుట్టునకు 1.8 సెకండ్లు. ఆ వేగము హెచ్చినచో శ్రుతి హెచ్చును, తగ్గినచో శ్రుతి తగ్గును. నిలకడ లేనిచో దీర్ఘముగా పలికిన స్వరము వణకును. తిరుగునప్పుడు యంత్రము తన చప్పుడును ముల్లునకు అందనీయరాదు. ఇంతకుమించి దానికి విధి లేదు. వీణకు, వేణువునకు తమ తమ నాదములున్నవి; ఆ నాదము కొరకే మనము వానిని మన్నింతుము. ఈ యంత్రమునకు తన నాదము ఉండరాదు. దాని గుణమంతయు తాను లేనట్లుండుటయందే ఉన్నది.

పూర్వపు యంత్రములలో మోటారు పళ్ళెముకంటె ఎన్నో రెట్లు వేగముగా తిరిగెడిది. ఆ వేగమును రబ్బరు చక్రముతోనో బెల్టుతోనో తగ్గించి పళ్ళెమునకు అందించెడివారు. చక్రము కదలికతోపాటు మోటారు అదురును కూడ మోసికొని వచ్చెడిది. బెల్టు ఆ అదురును కొంత మ్రింగినను, వాడుకలో సాగిపోయెడిది. జపానులోని మత్సుషితా సంస్థలో షుయిచి ఒబాతా అను ఇంజనీరు ఈ మధ్యవర్తులనే తొలగింపదలచెను. మోటారే పళ్ళెపు వేగమున తిరిగి, దాని ఇరుసే పళ్ళెమునకు ఇరుసైనచో చక్రముతో పనియేమి, బెల్టుతో పనియేమి? ఈ ఊహ ఫలించి 1970 లో టెక్నిక్స్ అను పేరుతో ఎస్‌.పి.-10 అను యంత్రము విపణికి వచ్చెను. డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబులులకు అది మొదటిది. 1972 లో ఇండ్లలో వాడుకకు అనువైన ఎస్‌.ఎల్‌.-1200 వచ్చెను. 1979 లో వచ్చిన దాని రెండవ రూపము క్వార్ట్జ్ స్ఫటికపు కంపనమును కొలబద్దగా పెట్టుకొని తన వేగమును తానే సవరించుకొనునది. నిశ్చలముగా ఉన్న పళ్ళెము 0.7 సెకండులో పూర్ణవేగమును అందుకొనుననియు, వేగములోని ఒడుదుడుకు నూటికి 0.025 వంతు మాత్రమే ఉండుననియు దానిని చేసినవారు ప్రకటించిరి. 2010 లో ఈ వరుస యంత్రముల ఉత్పత్తిని ఆపివేసి, 2016 లో మరల ఆరంభించిరి.

ఆ పళ్ళెము అంచున చిన్న చిన్న చుక్కల వరుసలుండును. వాని ప్రక్కన ఒక దీపము కంటికి తెలియనంత త్వరగా వెలిగి ఆరుచుండును. వేగము సరిగా ఉన్నప్పుడు, తిరుగుచున్న చుక్కలు నిలిచియున్నట్లు కనిపించును. వేగము హెచ్చినచో అవి ముందునకు, తగ్గినచో వెనుకకు జరుగుచున్నట్లుండును. ఇది యంత్రముతోపాటు పుట్టిన సాక్షి. యజమాని ఎంత వెచ్చించెనో, ఏమి కోరుచున్నాడో ఆ సాక్షికి పట్టదు. ఈ చుక్కల మాట మనకు ముందు ముందు పనికివచ్చును.

ఇట్టి యంత్రమునొక గృహస్థు కొన్నాడనుకొందము. మొదట పళ్ళెముపైనున్న రబ్బరు చాపను తీసి తోలుదో, కార్కుదో, రాగిదో మరియొకటి పరచును. పిమ్మట ముల్లును పట్టియుండు కార్ట్రిడ్జిని మార్చును. తరువాత క్రింది కాళ్ళను ఊడదీసి, నేల అదురు పైకి ప్రాకకుండునట్టి వేరు కాళ్ళను బిగించును. లోపలి ట్రాన్స్‌ఫార్మరు అదురునకును రొదకును మూలమని విని, దానిని బయటకు తెచ్చి వేరు పెట్టెలో ఉంచి తీగతో కలుపును. ముల్లును మోయు చేతిలోని సన్నని తీగలను తీసి వెండి తీగలను ఎక్కించును. ఆ చేయి ఊగకుండుటకై చిక్కని సిలికోను ద్రవమును నింపిన చిన్న తొట్టి నొకదానిని అమర్చును. అప్పటికిని తృప్తి కలుగనిచో ఆ చేయినే తొలగించి మరియొకదానిని తెచ్చును. ఆపై ఇరుసును, ఆపై పళ్ళెమును మార్చును. కొన్ని ఏండ్లకు మొదటి యంత్రములో మిగులునవి మోటారును బయటి చట్రమును మాత్రమే.

ఈ మార్పులన్నియు వట్టివని ఎవరును అనజాలరు. కార్ట్రిడ్జి మారినచో ధ్వని మారుట ఎవరికైనను వినిపించును. చెక్కపలకల నేలపై ఉంచిన యంత్రమునకు మంచి కాళ్ళు మేలు చేయును. ప్రశ్న అది కాదు. ఇన్ని మార్పులు చేయువానికి ఎచ్చట ఆగవలెనో ఏది చెప్పును?

ఇచ్చట బాగుచేయుటకును మెరుగుపరచుటకును గల భేదమును గమనింపవలెను. నలువది ఏండ్లనాటి యంత్రములో కండెన్సర్లు ఎండిపోవును. ఇరుసున నూనె ఆరిపోవును. వేగమును సవరించు మీటలో దుమ్ము చేరి పళ్ళెము తడబడును. వీనిని సరిచేయువానికి ఒక గురి కలదు. పుట్టిననాడు యంత్రమెట్లుండెనో అట్లు దానిని నిలుపవలెను. మన పెద్దలు జీర్ణోద్ధారణమని పిలిచినది ఈ జాతి పనియే. కూలిన ప్రాకారమును లేవనెత్తువానికి ప్రాకారము ఎంత యెత్తుండెనో తెలియును. అంత యెత్తు రాగానే తాపీ క్రింద పెట్టును. మెరుగుపరచువానికి అట్టి కొలత లేదు. ‘మంచిది’ అను మాటకు నిలుచు చోటున్నది. ‘ఇంకను మంచిది’ అను మాటకు లేదు. దానిని అందుకొన్న మరుక్షణమే అది మరియొక అడుగు ముందున నిలిచి పిలుచును.

అంతేకాక, యంత్రము ఎంత నిర్దుష్టమైనను దానిపై పెట్టు రికార్డు నిర్దుష్టము కాదు. రికార్డు నడుమనున్న రంధ్రము నట్టనడుమ లేక అర మిల్లీమీటరు ప్రక్కకు జరిగినదనుకొందము. నడిమి బిందువునుండి 100 మిల్లీమీటర్ల దూరముననున్న గాడివద్ద వేగము ప్రతి చుట్టునకు నూటికి అరవంతు హెచ్చి, నూటికి అరవంతు తగ్గును. మోటారులోని 0.025 వంతు దోషమును ఇంకను తగ్గించుటకై నెలలు శ్రమించినవాడు ఈ అంకెను చూచి ఏమనుకొనవలెను? కొలుచు పద్ధతులు కొంత వేరైనను, రంధ్రపు దోషము మోటారు దోషముకంటె చాల పెద్దదనుటలో సందేహము లేదు. జపానులోని నాకమిచి సంస్థ 1981 లో టి.ఎక్స్‌.-1000 అను యంత్రమును చేసి, రికార్డు చివరి గాడిని తడిమి, కేంద్రము ఎంత తప్పినదో కనుగొని, పళ్ళెమును తానే జరుపుకొనునట్లు అమర్చినది. యంత్రమును మెరుగుపరచు దారిలో చాల దూరము పోయినవారు చివరకు రికార్డువైపు తిరుగవలసివచ్చినది.

ముల్లును మోయు చేయి చెప్పు పాఠము మరింత లోతైనది. రికార్డును చెక్కిన యంత్రములో ముల్లు అంచునుండి కేంద్రమువైపు సరళరేఖపై నడచినది. వినిపించు యంత్రములో చేయి ఒక మూల కీలుపై తిరుగును గనుక ముల్లు వంపుగీతపై నడచును. ఈ రెండు మార్గములు సంపూర్ణముగా ఏకము కాజాలవు. లోఫ్‌గ్రెన్ 1938 లోను, బేర్వాల్డ్ 1941 లోను గణితముచేసి చూపినది ఇదియే: చేతిని కొంత వంచి, ముల్లు కేంద్రమును దాటి కొంత ముందునకు చాచునట్లు అమర్చినచో కోణపు దోషము రెండు చోట్ల సున్నయగును, తక్కిన గాడులన్నింట ఎంతోకొంత మిగులును. ఆ రెండు చోట్లు ఎచ్చట ఉండవలెనో మనము నిర్ణయింపవచ్చును. లోపలి గాడులకు మేలు కావలెనన్నచో వెలుపలి గాడులు కొంత నష్టపడును. దోషమును పంచిపెట్టుట మన చేతిలో ఉన్నది. దానిని పూర్తిగా తీసివేయుట కీలుపై తిరుగు ఏ చేతికిని సాధ్యము కాదు. ఈ సంగతి గ్రహించినవాడు ముల్లును ఒక పద్ధతిప్రకారము అమర్చి, మరలు బిగించి, పాట వినును. గ్రహింపనివాడు దోషమును ఒక చోటినుండి తరిమి మరియొక చోట ఎదుర్కొనుచునే యుండును.

ఇక చెవి మాటకు వత్తము. చుక్కలు వేగమునకు సాక్ష్యమిచ్చును. చాప మార్చుటచేత పాటకు కలిగిన మేలునకు సాక్ష్యమిచ్చునది ఎవరు? మార్పు చేసినవాడే. వెచ్చము పెట్టినవాడును అతడే, మేలును ఆశించినవాడును అతడే, తీర్పు చెప్పువాడును అతడే. వాదియే న్యాయాధిపతియై కూర్చుండుటను ఏ న్యాయస్థానమునందును మనము అంగీకరింపము. మన ఇంటి మూలగదిలో మాత్రము దానిని గమనింపము. రెండు ధ్వనులలో కించిత్తు బిగ్గరగా ఉన్నది మేలైనదిగా తోచుట చెవికి సహజము. చాప మందమైనచో రికార్డు పైకి లేచి, ముల్లు గాడిలో నిలుచు కోణము కూడ మారును. అప్పుడు వినబడిన భేదము తోలుదో, కోణముదో చెప్పుట ఎట్లు? చెవి అబద్ధమాడునని నా భావము కాదు. అడిగినవానికి ఏమి కావలెనో ముందే తెలిసియున్న సాక్షి అది.

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు, అది చౌకయైనదియు. ఇంటివారిలో ఒకరిని పిలిచి, తాను చూడకుండ పాత చాపనో కొత్త చాపనో పరచి, ఒకే పాటను పదిమారులు వినిపింపుమనవలెను. ఒక్కొక్కమారు ఏది పరచిరో చెప్పి కాగితముపై గుర్తించుకొనవలెను. గుర్తింపగలిగినచో ఆ మార్పు నిజము. గుర్తింపజాలనిచో దానిని విప్పి, మొదటి చాపను యథాస్థానమున పరచవలెను. ఈ రెండవ పని చేయగలవారు ఎందరు? డబ్బు పోసినదానిని, స్నేహితులకు పొగడి చెప్పినదానిని, తన చేతులతో బిగించినదానిని తన చేతులతోనే విప్పుట సామాన్యమైన పని కాదు. అందుకు నేర్పుకంటె నిజాయితీ ఎక్కువ కావలెను. ఈ వ్యాసంగమునందలి నైతిక ప్రశ్న అంతయు ఈ విప్పుటలోనే ఉన్నదని నా అభిప్రాయము.

ఇంత విచారము ఎందుకని కొందరు అడుగవచ్చును. ఒకడు తన డబ్బుతో, తన తీరికలో, ఎవరికిని హాని చేయక, మరలు బిగించుకొనుచు సంతోషించుచున్నచో లోకమునకు నష్టమేమి? చేతిపని తనంతట తానే ఆనందము కాదా? ఈ ఆక్షేపణను నేను త్రోసిపుచ్చను. చేతిపని ఆనందమే, కార్యాలయపు కాగితములతో అలసిన మనస్సునకు ఒక మర సరిగా బిగిసినప్పటి తృప్తి తక్కువది కాదు. ఇత్తడిని తోముచు, తీగను అతుకుచు కూర్చున్నవాడు ‘నాకీ పని ఇష్టము’ అన్నచో అతనిని అడుగవలసినదేమియు లేదు. కాని అతడు అట్లనడు. ‘ఇది సంగీతము కొరకు’ అనును. ఆ మాట అన్న క్షణమున అతడు సంగీతమునకు బాకీపడినాడు. ఒక సుఖమును మరియొక సుఖముపేర పిలుచుటలో దోషమున్నది. దాని ఫలితము కూడ కనిపించుచునే యున్నది. నిలకడగా మ్రోగు స్వరమునందే వేగపు దోషము బయటపడును గనుక, కచేరీ రికార్డు ఆరంభములోని తంబుర శ్రుతి అతనికి పరీక్షాస్థలమగును. ప్రతి రాత్రియు ఆ శ్రుతిని వినును, ముల్లును ఎత్తును, మర త్రిప్పును, మరల శ్రుతిని వినును. గాయకుడు నోరు తెరచువరకు అతడు ఆగడు. ఆ రికార్డు రెండవవైపు ఏమున్నదో అతడు మరచిపోయి చాలకాలమైనది.

తంబుర మాట వచ్చినది గనుక దానినే చూతము. తంబుర మీటువాడు బిరడలను త్రిప్పును, పూసలను జరుపును, గుర్రముపై తంతుల క్రిందనున్న నూలుపోగులను వెంట్రుకవాసి కదల్చును. అతని ఓర్పు మన గృహస్థు ఓర్పునకు తీసిపోదు. కాని నాదము కుదిరినంతనే పాట మొదలగును. నడుమ శ్రుతి జారినచో పాటయే ఆ సంగతి చెప్పును. సవరించి మరల పాటలో కలియును. ఎప్పుడు సవరింపవలెనో, ఎప్పుడు మానవలెనో చెప్పు అధికారము తంబురకు లేదు, దానిని మీటువానికిని లేదు; పాటకు ఉన్నది.

దీనికంటె గట్టి ఆక్షేపణ మరియొకటి కలదు. యంత్రమునకు ఇదియొక్కటే ప్రయోజనమని శాసించుటకు మనమెవరము? డైరెక్ట్ డ్రైవ్ యంత్రపు చరిత్రయే ఈ ప్రశ్న వేయుచున్నది. 1973 ఆగస్టు 11 న న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతమున, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అను యువకుడు తన సోదరి ఏర్పాటుచేసిన విందులో రికార్డులు వినిపించెను. ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు యంత్రములపై పెట్టి, పాటలో నాట్యమునకు ఉద్రేకము కలిగించు తాళపు ఘట్టమును మరల మరల సాగించు పద్ధతిని ఆ రోజులలో అతడు ప్రచారములోనికి తెచ్చెను. అతని వెనుక వచ్చినవారు రికార్డును చేతితోనే వెనుకకు ముందునకు లాగి, ఆ గీరుడును సంగీతము చేసిరి. బెల్టు యంత్రములు ఇట్టి పనికి తాళలేవు. నేరుగా మోటారుపై కూర్చున్న పళ్ళెము తాళినది. చేయి తీయగానే వేగమును అందుకొన్నది. ఇంటిలో మౌనముగా తిరుగుటకు పుట్టిన యంత్రము వీరి చేతిలో వాద్యమైనది. తాను లేనట్లుండవలెనన్న ధర్మము తలక్రిందులైనది. దీనిని అధర్మమనవలెనా?

అనరాదు. ప్రయోజనము మారవచ్చును. మోహమునుండి శ్రద్ధను వేరుచేయునది ప్రయోజనము పాతదా కొత్తదా అను విచారము కాదు. బ్రాంక్స్ యువకుల ఎదుట నాట్యము చేయువారు ఉండిరి. తాళము తప్పినచో ఆ పాదములు ఆగిపోవును. చేయువాని అభిమానముతో ఆ పాదములకు నిమిత్తము లేదు. పళ్ళెపు అంచుననున్న చుక్కలవలె, తంబురకు పాటవలె, వారికి ఆ పాదములు సాక్షి. ‘నీవు చేసినది సరికాదు’ అని చెప్పుటకు అధికారముగల ఒకటి వారికి వెలుపల ఉన్నది. వారు దాని మాట వినిరి.

నాకు తోచిన భేదము ఇంతే. కాదనగల సాక్షిని ఎదుట ఉంచుకొని చేయు పని, ఎంత దీర్ఘమైనను, చూచువారికి ఎంత వెఱ్ఱిగా కనిపించినను, శ్రద్ధయే. ఆ సాక్షిని మెల్లగా గదినుండి వెడలనంపి, తన ఇచ్ఛనే తన చెవిగా చేసికొన్నప్పుడు ఆ పని మోహమగును. వెచ్చించిన ధనమునుబట్టి గాని, గడచిన రాత్రులనుబట్టి గాని ఈ భేదము తెలియదు. వేయి రూపాయలతో మోహములో పడినవారున్నారు. జీవితమంతయు ఒకే యంత్రముపై వెచ్చించియు శ్రద్ధ విడువనివారున్నారు. బిడ్డను తీర్చిదిద్దు తండ్రికి, సంస్థను సంస్కరించు కార్యదర్శికి, వ్రాసినదానిని మరల మరల దిద్దు రచయితకు కూడ ఈ మాట వర్తించును. బిడ్డ ముఖము, సంస్థవలన మేలు పొందవలసిన జనము, చదువరి — వీరు వారికి సాక్షులు. వీరివైపు చూచుట మానినవాడు తన మెరుగుదలను తానే మెచ్చుకొనుచుండును.

‘చాలు’ అను మాట యంత్రములో ఎచ్చటను వ్రాసియుండదు. 0.025 ను 0.01 చేయవచ్చును, అప్పటికిని ఆ అంకె తరువాత మరియొక అంకె ఉండును. ఆ మాట వినువాని నోటినుండి రావలెను. అందుకు వాడు ముందుగా వినువాడు కావలెను. లాంగ్ ప్లే రికార్డు ఒక్కొక్క వైపు ఇంచుమించు ఇరువది నిమిషములు నడచును. ఆ కాలము స్క్రూడ్రైవరును సొరుగులో ఉంచి, ముల్లును మొదటి గాడిలో దింపి చివరి గాడివరకు ముట్టక ఉండగలిగినవానికి, మరునాడు యంత్రములో నిజముగా సరిచేయవలసినది ఏదైన ఉన్నచో పాటయే చెప్పును. ఏమియు చెప్పనిచో రికార్డును త్రిప్పి రెండవవైపు వినవచ్చును.